నెడ్రా కుట్టిన పడవ

ఆ శనివారానికి నెడ్రా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొట్టినిండా వేడినీళ్ళు, సగం చదివిన హత్యల నవల, ఫ్రీజర్‌లో బఠాణీల సంచి వెనక దాచిన, హకల్‌బెర్రీ పళ్ళు కూరి కాల్చిన ఆఖరి పై. ఇవన్నీ కుదరాలంటే ఒక్కటే షరతు. మొగుడు ఇంట్లో ఉండకూడదు.

చలికాలమంతా ఎల్డన్ పొయ్యి ముందు కూర్చుని, గాలానికి ఎరగా ఈకలతో దొంగ ఈగలు కట్టి, ఒక్కొక్కటీ ఆమె ముక్కు దగ్గర పెట్టి "ఇదెలా ఉంది? మరి ఇది?" అని అడుగుతూనే ఉన్నాడు. జూన్ మొదట్లో నది మీద నారింజరంగు పెద్ద ఈగలు లేస్తాయి. ఆ ఈగల కోసం ట్రౌట్ చేపలకు, ఆ చేపల కోసం ఊళ్ళో మగవాళ్ళకు ఒకేసారి మతిపోతుంది. ఆ ముహూర్తం ఈ శనివారమేనని ఊరంతా అనుకుంటోంది. నెడ్రా అయితే క్యాలెండర్‌లో సున్నా కూడా చుట్టింది.

ఆమె ఇంకా మంచం దిగకముందే పెరట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. నిండు చర్చిలో లావుపాటి మనిషెవరో వంగినప్పుడు ప్యాంటు చిరిగినట్టు. నెడ్రా పెరట్లోకి పరిగెత్తింది.

రెండు పొడవాటి గాలి గొట్టాలు, మధ్యన ఇనప చట్రం, దానిమీద ఒక కుర్చీ: ఎల్డన్ పాంటూన్ పడవంటే అంతే. ఎడమ గొట్టానికి తొడిగిన మందపాటి గుడ్డ మూరెడు మేర కుట్టు పిగిలి, లోపలి రబ్బరు తిత్తి బయటికి పొడుచుకొచ్చింది. అచ్చం హెర్నియా ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చినవాడి పొట్టలా ఉంది.

"అయిపోయింది," అన్నాడు ఎల్డన్, పంపు కింద పడేసి. "ఈ ఏటికింతే. ఇవాళ ఇంట్లోనే ఉంటాలే నెడ్రా. ఇద్దరం కూర్చుని కబుర్లు చెప్పుకుందాం."

నెడ్రా చిరుగు అంచులు రెండూ దగ్గరికి లాగి చూసింది. "లోపలికి పట్రా. నేను కుట్టేస్తా."

"కుట్టడానికి ఇదేమన్నా నీ బొంత అనుకున్నావా? జిగురు పెట్టాలి. ఉండు, బర్ల్‌కి ఫోన్ చేస్తా."

అక్కడే వచ్చింది చిక్కు. ఆ ఊళ్ళో ఎవరూ ఇంటికి తాళం వెయ్యరు, కానీ చేపలు పడే చోటు మాత్రం కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పరు. ఎగువకు వెళ్తున్నానంటే దిగువకని అర్థం. చేపలేం పడలేదంటే బండినిండా ఉన్నాయని అర్థం. ఇక ఏడాదికొక్కసారి ఈగలు లేచే రోజున అసలు నదికే వెళ్ళనని ఒకడు అన్నాడంటే, వాడికి ఏదో బంగారు గని దొరికిందనే అర్థం.

"బర్ల్, నేనివాళ వెళ్ళట్లేదురా," అన్నాడు ఎల్డన్ ఫోన్లో. "పడవ కుట్టు పిగిలింది. నీ కొట్లో జిగురుందా?"

గాలాల కొట్టు బర్ల్ గొంతు తగ్గించాడు. "అయ్యో పాపం. మరి ఆ పిగిలిన పడవ ఇప్పుడు ఏ వైపు వెళ్తోంది?"

"వంటింట్లోకిరా బాబూ!"

"అర్థమైంది, అర్థమైంది. నేనెవరికీ చెప్పన్లే."

బర్ల్ ఎవరికీ చెప్పనన్నాడంటే రేడియోలో వచ్చేసినట్టే. ఎల్డన్ గొట్టాన్ని భోజనాల బల్ల మీదికి ఎక్కించేసరికి పక్కింటి ఫ్లాయిడ్ కాఫీ కప్పుతో కిటికీ బయట నిలబడి ఉన్నాడు. "పడవని ఇంట్లో దాచేస్తున్నాడు!" అని ఎవరికో ఫోన్లో గుసగుసగా చెప్తున్నాడు. ఆ గుసగుస స్టవ్ దగ్గరున్న నెడ్రాకి కూడా వినిపించింది.

ఆమె మాత్రం పని మొదలుపెట్టేసింది. తిత్తిని లాగి పక్కన పెట్టింది. సోఫా బాగుచేసినప్పటి వంపు సూది తీసింది. దారం మాత్రం ఎల్డన్ గాలాల పెట్టెలోంచి లాగింది.

"అది సాల్మన్ చేపల కోసం దాచుకున్న గాలపు దారం!" అని కేకేశాడు ఎల్డన్.

"సాల్మన్‌కి నేను సారీ చెప్పానని చెప్పు. ఇక్కడ పట్టుకో. వేలు తియ్యి, కుట్టేస్తాను."

ఆమె ఒక్కొక్క టాకా బిగిస్తుంటే బయట ఒక్కొక్క ట్రక్కు వచ్చి ఆగింది. అన్నిటి మీదా పడవలు. దిగినవాళ్ళంతా, బర్ల్‌తో సహా, లోపలికొచ్చి బల్ల చుట్టూ మూగారు. అందరి చేతుల్లోనూ జిగురు సీసాలు, సాయం చెయ్యడానికొచ్చామని చెప్పుకోవడానికి. "కుట్టుతో నిలవదమ్మా నెడ్రా," అన్నాడు ఫ్లాయిడ్. "ముందు గరుకు కాగితంతో రుద్దాలి," అన్నాడొకాయన. "రుద్దితే చస్తుంది," అన్నాడింకొకాయన. ఈ వాదనలో ఒక సీసా ఒలికి, బర్ల్ మోచెయ్యి ఆమె పెళ్ళినాటి లేసు టేబుల్‌క్లాత్‌కి అతుక్కుపోయింది. ఆ జిగురు ఎంత గొప్పదో కొట్లో ఇన్నేళ్ళూ ఊదరగొట్టిన బర్ల్, మొదటిసారి నిజమే చెప్పాడని రుజువైంది.

ఆఖరి ముడి వేసి, తిత్తి లోపల పెట్టి, పెరట్లో గాలి కొట్టించింది. గొట్టం నిగనిగలాడుతూ బిగుసుకుంది. కుట్టు ఇంచుకూడా కదల్లేదు. నెడ్రా ఎల్డన్ టోపీ తెచ్చి అతని నెత్తిన పెట్టింది.

"ఇక వెళ్ళిరా."

ఎల్డన్ వీధివైపు చూశాడు. ట్రక్కులన్నీ ఇంజన్లు ఆపకుండా గురగురమంటున్నాయి. "వెళ్ళను," అన్నాడు.

"వెళ్ళవూ?"

"నేను చేపలు పట్టే చోటు మా నాన్న నాకొక్కడికే చూపించింది," అన్నాడు ఆమె చెవిలో. "ఇంతమందిని వెంటేసుకెళ్తే రేపు అక్కడ బస్సు స్టాండు పెడతారు. వీళ్ళు పోయేదాకా నేను కదల్ను."

వాళ్ళేమో అతను కదిలేదాకా వెళ్ళేది లేదంటున్నారు. అందరూ ఇంజన్లు ఆపి, మళ్ళీ లోపలికొచ్చి, కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఎవరైనా బాత్రూముకి లేచినా మిగతావాళ్ళు సగం లేచి చూస్తున్నారు. కాఫీ రెండోసారి తిరిగాక, ఎల్డన్ ఇంటి పెద్దలా గొంతు సవరించుకున్నాడు.

"ఫ్లాయిడ్, ఫ్రీజర్‌లో బఠాణీల వెనక చూడు. హకల్‌బెర్రీ పై ఉంటుంది. అక్కడే దాస్తుంది."

నెడ్రా కాఫీ గిన్నె కింద పెట్టేసింది. నవల, తువ్వాలు చంకలో పెట్టుకుంది, లైఫ్‌జాకెట్ తగిలించుకుంది. "కుట్టు కారుతుందేమో చూసొస్తా," అంది. పై పంచుకునే గొడవలో ఒక్కరూ తలెత్తలేదు. నది వీధి చివరే. పడవకి వెనకాల చిన్న చక్రం ఉంది. ఆమె దాన్ని తోపుడుబండిలా నెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

పాత వంతెన కింద, ఊరి చెత్తతొట్లకు ఎదురుగా, నీడ పట్టున లంగరు వేసి పుస్తకం తెరిచింది. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎవరూ ఈగను చూపించి ఎలా ఉందని అడగడం లేదు. కుర్చీ పక్కన ఎల్డన్ సిద్ధం చేసుకున్న గాలం కర్ర ఉంది. దాని కొసన ఉన్న దొంగ ఈగ ఎప్పుడు జారి నీళ్ళలో పడిందో ఆమె చూడలేదు. సరిగ్గా హంతకుడి పేరు రాబోయే పేజీలో కర్ర విల్లులా వంగి, పడవ గిర్రున తిరిగింది.

"ఆగు, ఈ పేరా అవనీ!" అంది నెడ్రా చేపతో. అది ఆగలేదు. నవల పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులా రీలు తిప్పింది. ఎల్డన్ ప్రతి పుట్టినరోజుకీ ఆమె పేర చేపలు పట్టే లైసెన్సు కొనిచ్చి మురిసిపోతుంటాడు. ఇన్నేళ్ళలో అది పనికిరావడం ఇదే మొదలు.

తడి తువ్వాలులో చుట్టిన చేపను ఆమె బల్ల మీద అడ్డంగా పెట్టేసరికి ఇల్లంతా లేచి నిలబడింది. తల బల్లకు ఈవైపు వేలాడుతుంటే తోక ఆవైపు ఆడుతోంది.

"ఎక్కడ?" అన్నారందరూ ఒక్క గొంతుతో.

"పాత వంతెన కింద. చెత్తతొట్ల ఎదురుగా."

 బర్ల్ నెమ్మదిగా నవ్వాడు. "వంతెన కిందట! విన్నారా?"

"అంటే వంతెన దరిదాపుల్లో కాదన్నమాట," అన్నాడు ఫ్లాయిడ్, అప్పటికే టోపీ వెతుక్కుంటూ. ఎవరి లెక్క వాళ్ళు వేసుకున్నారు. ఒకాయన ఎగువ లోయకన్నాడు, ఇంకొకాయన ఏమీ అనకుండా పరిగెత్తాడు. బర్ల్ ట్రక్కు కిటికీలోంచి లేసు టేబుల్‌క్లాత్ జెండాలా ఎగురుతూ మలుపు తిరిగిపోయింది.

ఎల్డన్ ఒక్కడూ మిగిలాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నాకన్నా నిజం చెప్పు."

"వంతెన కిందే, ఎల్డన్."

అతని కళ్ళు చెమర్చాయి. "నా దగ్గర కూడా నోరు విప్పవన్నమాట! ఇన్నాళ్ళకు అసలైన గాలపు మనిషివయ్యావు నెడ్రా," అని పడవను ట్రక్కుకెత్తి, వంతెనకు సరిగ్గా వ్యతిరేక దిక్కుకు పోయాడు.

నెడ్రా హకల్‌బెర్రీ పై గిన్నె అడుగున మిగిలిన ముక్కలు వేలితో తుడిచి నోట్లో వేసుకుంది. చేపను ఫ్రీజర్‌లో బఠాణీల ముందే, అందరికీ కనబడేలా పెట్టింది. తొట్టిలోకి వేడినీళ్ళు వదిలి, తడిసిన నవల తెరిచింది. మొగుణ్ణి కాసేపు బయటికి పంపడానికి ఈ కాపురంలో ఆమె ఎన్నో అబద్ధాలాడి చూసింది కానీ, నిజం ఇంత బాగా పనిచేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.