చిలకలకి రంగు చాల్లేదు

ఆ పొద్దున ఉదయభాస్కర్ పథకం చాలా చిన్నది. నందిగామలో తన డీటీపీ సెంటర్ తెరవాలి. విజయవాడ నుంచి బస్సులో వచ్చే ఫ్లెక్సీ అందుకోవాలి. పొద్దుగూకేలోపు జగ్గయ్యపేట వెళ్లి ఇంటి గోడకు కట్టేయాలి. ఆ వారంలోనే చెల్లెలు మహతి పెళ్లి. ఫ్లెక్సీలు కొత్తగా వచ్చిన రోజులవి.

జగ్గయ్యపేటలో ఎవరింట పెళ్లయినా గోడ మీద జంట చిలకలు వేసింది వాళ్ల నాన్న కుటుంబరావే. కొంతకాలంగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. "వంకర చిలకలు నా కూతురికొద్దురా. ఉత్త సున్నం వేయించు, చాలు" అన్నాడు ముఖం తిప్పుకుని. ఆ మాటకు కొడుకు ప్రాణం ఉసూరుమంది.

అందుకే నాన్న వేసిన పాత చిలకల ఫొటో ఎదురుగా పెట్టుకుని కంప్యూటర్లో బొమ్మ గీశాడు. గీతలు మరీ నున్నగా వచ్చాయి. సాఫ్ట్‌వేర్లో ఎండు బ్రష్షు గీత ఒకటుంటే దాన్ని ఆ ఆకారాలకు తొడిగాడు. అంచులు చెదిరి, మధ్యమధ్య తెల్లటి చారలు తేలి, రంగు అయిపోవస్తున్న కుంచెతో నాన్న లాగినట్టే కనబడ్డాయి. అతని కళ్లు చెమర్చాయి.

బస్సులో వచ్చిన ఫ్లెక్సీ విప్పితే చిలకలు లేవు. దగ్గరికెళ్లి చూస్తే ఉన్నాయి, వెంట్రుకంత సన్నగా. అరచేతిలో పట్టే బొమ్మను విజయవాడలో ఫ్లెక్సీలు అచ్చేసే ఉపేంద్ర గోడంత పెంచాడు. బొమ్మతోపాటు గీత మందం కూడా పెరగాలన్న చోట టిక్కు పెట్టడం ఉదయభాస్కరే మరిచిపోయాడు.

"కాస్త లావు చెయ్ ఉపేంద్రా" అన్నాడు ఫోన్లో.

"ఎంత లావండి?"

"నిండుగా ఉండాలి."

సాయంత్రం బస్సులోంచి నిండుగా రెండు గేదెదూడలు దిగాయి. ముక్కులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు తనే విజయవాడ వెళ్లి, ఉపేంద్ర పక్కన కూర్చుని సరిచేయించాడు. ఫ్లెక్సీని ఒళ్లో పెట్టుకుని, ఎవరి మోకాలూ తగలకుండా కాచుకుంటూ జగ్గయ్యపేట చేరాడు. మడతలు పోవాలని వరండాలో పరిచి, మేనత్త వెంకాయమ్మను కాపలా పెట్టాడు. "గోడకి కట్టిందాకా నాన్నకి చూపించకత్తయ్యా" అని చెప్పి తాడు కోసం బజారుకెళ్లాడు.

వెంకాయమ్మ వంగి చూసింది. చిలకల ఒంటినిండా తెల్లచారలు. రంగంతా బస్సులోనే రాలిపోయిందనుకుంది. పెళ్లివాళ్ల ముందు మేనల్లుడి పరువు పోతుందని హడలిపోయింది. ఎవరికైతే చూపించొద్దన్నాడో సరిగ్గా ఆయన దగ్గరికే పరిగెత్తింది. "తమ్ముడూ, పిల్లాడి చిలకలకి రంగు చాల్లేదురా."

ఉదయభాస్కర్ తాడు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి కుటుంబరావు నేల మీద చతికిలబడి ఉన్నాడు. పక్కన మహతి ఆకుపచ్చ రంగు డబ్బా పట్టుకుంది. ఆయన ఎడంచేత్తో కుడి మణికట్టును అదిమిపట్టి, తెల్లచారల్ని ఒక్కొక్కటే నింపుతున్నాడు. వద్దనడానికి కొడుకు నోరు తెరిచాడు.

"బాధపడకురా భాస్కరం" అన్నాడు ఆయన తలెత్తకుండానే. "మీ కంప్యూటర్లో రంగు అయిపోయినట్టుంది. నే నింపేస్తాగా."

చెయ్యి వణికినప్పుడల్లా రంగు గీత దాటి, ఈక రేగినట్టయ్యేది. నాన్న చేతిలో మళ్లీ కుంచె చూస్తానని ఉదయభాస్కర్ అనుకోలేదు. తెరిచిన నోరు మూసి, మళ్లీ తెరిచాడు.

"ఆ రెండో చిలక్కీ చాల్లేదు నాన్నా."

అంతా అయ్యాక కుటుంబరావు వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసుకున్నాడు. "ఎక్కడన్నా చేత్తో వేసినట్టు తెలుస్తోందట్రా?"

"లేదు నాన్నా. అచ్చం కంప్యూటర్లో చేసినట్టే ఉంది."

ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఉదయభాస్కర్ చేసిన ఏ పెళ్లి ఫ్లెక్సీకీ నందిగామలో రంగు చాలలేదు. ప్రతిదాన్నీ జగ్గయ్యపేట తీసుకెళ్లి నింపించుకు రావలసి వచ్చేది.