విండో మేనేజర్ పోస్టు

మున్నేటికి వరద రాకముందే ఎవరి ఇల్లు మునుగుతుందో తెర మీద చూపిస్తామని మంత్రిగారు జగ్గయ్యపేట సభలో ప్రకటించారు. అన్నమాట ప్రకారం నందిగామలో వరద పటాల కేంద్రం వెలిసింది. ఖరీదైన గ్రాఫిక్స్ వర్క్‌స్టేషన్ దిగింది. ఆపరేటర్‌గా జాకియా చేరింది. ఇక కేంద్రం అధికారి హరిచరణ్‌గారు కృతజ్ఞత తెలిసిన మనిషి. తెర మీద ఏ కిటికీ, అదే విండో, తెరుచుకున్నా పూలవాన కురవాలనీ, వెనక మంత్రిగారు చిరునవ్వు నవ్వాలనీ ఆదేశించారు.

పూలు కురిశాయి. పటం మాత్రం కదల్లేదు.

"మెషిన్ బలమంతా విండో మేనేజరే తినేస్తోందండి," అంది జాకియా.

హరిచరణ్‌గారు ఉలిక్కిపడ్డారు. "మేనేజరా? నాకు తెలీకుండా ఎవరు వేశారు?"

"మనిషి కాదు సార్. కిటికీలకి అంచులూ నీడలూ పూలూ గీసే సాఫ్ట్‌వేర్. ఆ సోకులు తీసేస్తే పటం వచ్చేస్తుంది."

ఆయనకు మొదటి రెండు మాటలే వినబడ్డాయి. "మనిషి లేడంటే పోస్టు ఖాళీ అన్నమాట."

సోమవారానికల్లా మంత్రిగారి మేనల్లుడు నవీన్‌బాబు విండో మేనేజర్‌గా చేరాడు. ఏసీ గదిలో కూర్చుని తెరకేసి తేరిపార చూశాడు.

"మావయ్య మొహం చిన్నగా ఉందండి. పూలు కూడా పలచగా పడుతున్నాయి."

రెండూ పెంచారు. ఆ వారమే ముసురు పట్టింది. పెనుగంచిప్రోలు నుంచి సౌభాగ్యమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మా వీధి మునుగుద్దా? గేదెల్ని విప్పమంటావా?"

"చూస్తున్నా పిన్నిగారూ."

జాకియా మీట నొక్కింది. బంతిపూలు ఒక్కొక్కటే తాపీగా రాలాయి. మంత్రిగారి పెదవి సగం విచ్చుకుని ఆగిపోయింది.

"నీళ్ళు గుమ్మం ఎక్కాయమ్మా," అంది సౌభాగ్యమ్మ. "నీ తెర మీదికింకా రాలేదా?"

జాకియా తెర మీంచి చూపు తిప్పేసుకుంది. "పటం వదిలెయ్యండి పిన్నిగారూ. గేదెల్ని విప్పేసి మీరు మేడ మీదికెళ్ళండి."

పటం చూడకుండా సలహా ఇచ్చినందుకు హరిచరణ్‌గారు అక్కడికక్కడే మెమో ఇచ్చారు. జాకియా మాట విన్న సౌభాగ్యమ్మ బతికింది, గేదెలూ బతికాయి. అలా చెప్పేవాళ్ళు లేని ఇళ్ళలో సామానంతా ఏటిపాలైంది.

వరద తీశాక సమీక్ష పెట్టారు. ఒక్క మెషిన్‌లో పటమూ, పూలూ ఇమడవని తేలింది. ఏదో ఒకటి తీసెయ్యాలి. హరిచరణ్‌గారు బాగా ఆలోచించి పటం తీయించారు.

మంత్రిగారు పరిశీలనకు వచ్చి స్వయంగా మీట నొక్కారు. పూలు జలజలా రాలాయి. నిండుగా విచ్చుకున్న తన నవ్వును చూసి ఆయన విలేకరుల వైపు తిరిగారు.

"చూశారుగా. చుక్క నీరు లేదు."