శుభలేఖలో దొంగ

ఆ రోజు పొద్దున ఛాయాదేవి అనుకున్న పనులు చాలా చిన్నవి. ఇడ్లీ వాయి దించాలి, భర్త బసవపున్నయ్యను ఇబ్రహీంపట్నం డ్యూటీకి పంపాలి, పెళ్లికి తెచ్చిన పసుపుకొమ్ములు డాబా మీద ఎండబెట్టాలి. శుభలేఖ సంగతి తాను చూసుకుంటానన్నాడు ఆయన. చూసుకుంటానన్నాడు కాబట్టే ఆవిడకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

శుభలేఖకు వచ్చిన చిక్కు వైరస్. ముందురోజు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తే, ప్రెస్సాయన పెట్టీ పెట్టగానే పీకి ఇచ్చేశాడు.

"మీ కంప్యూటర్ నిండా వైరస్ ఉన్నట్టుందండీ. నా మిషన్లు పోతాయి. శుభ్రం చేయించి రేపు మధ్యాహ్నంలోగా ఫైలు మెయిల్ చెయ్యండి. దాటిందా, మీ వంతు పోయినట్టే. అసలే ముహూర్తాల రోజులు. ప్రూఫులు చూసే టైము కూడా లేదు. ఎలా వస్తే అలా కొట్టేస్తా."

పెళ్లికూతురు మనోజ్ఞ హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. "నేనిక్కణ్ణుంచే మన కంప్యూటర్‌లోకి వచ్చి వైరస్ తీసేస్తా నాన్నా. నువ్వు ఆన్ చేసి ఎదురుగా కూర్చో చాలు" అంది. ఆయన ఆన్ చేశాడు. కాసేపు ఎదురుగా కూర్చున్నాడు. బస్సు టైమైతే లేచి వెళ్లిపోయాడు. భార్యకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఛాయాదేవి చీపురు పట్టుకుని గదిలోకి వచ్చేసరికి తెర మీద బాణం దానంతటదే తిరుగుతోంది. ఆవిడ చేతిలో చీపురు జారిపోయింది. తెర కింద మీట నొక్కింది. చీకటైంది. మూడుసార్లు దండం పెట్టుకుని మళ్లీ నొక్కింది. బాణం ఆగకపోగా, ఈలోపు శుభలేఖ కూడా తెరిచి కూర్చుంది.

శుభలేఖ అడుగున, ఆహ్వానించువారు అన్నచోట, 'శ్రీమతి & శ్రీ బసవపున్నయ్య' అని ఉంది. బాణం 'శ్రీమతి' పక్కకొచ్చి ఆగింది. అక్కడ ఒక్కో అక్షరమే పడుతూ 'ఛాయాదేవి' అయింది.

"అమ్మో! నా పేరు వీడికెలా తెలుసు?"

పేరు తెలిసిందంటే ఆధార్ తెలిసినట్టే. ఆధార్ తెలిస్తే బ్యాంకు, బ్యాంకు తెలిస్తే లాకర్లో పిల్ల నగలు. నగలు పోయి పెళ్లి ఆగిపోవడం దాకా వెళ్లడానికి ఆవిడకు ఒక్క ఊపిరి కూడా పట్టలేదు. మాటలు వాడికి వినపడతాయేమోనని ముందు ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో కుక్కింది. తర్వాత వచ్చి తన పేరు తుడిచేసింది. వాడు మళ్లీ రాశాడు. మళ్లీ తుడిచింది. ఈసారి లావు అక్షరాల్లో రాశాడు.

హైదరాబాదులో మనోజ్ఞకు ఒళ్లు మండిపోయింది. పెళ్లి పనులన్నీ నెత్తినేసుకుని తిరిగేది అమ్మ. కార్డులో ఆవిడ ఒట్టి 'శ్రీమతి'గా మిగిలిపోవడం ఏమిటని, ఎవరికీ చెప్పకుండా పేరు చేరుద్దామనుకుంది. చేర్చినప్పుడల్లా ఎవరో తుడిచేస్తున్నారు. తండ్రికి ఫోన్ చేసింది.

"అమ్మ పేరుంటే నీకేం నొప్పి నాన్నా? పెట్టినప్పుడల్లా తుడిచేస్తున్నావ్!"

"నేనా? నేను డ్యూటీలో ఉన్నానే తల్లీ!"

"మరి ఇంట్లో ఎవరున్నారు?"

"మీ అమ్మే. అమ్మకు టైపు రాదుగా!"

టైపు రాదని ఆ తండ్రీకూతుళ్ల గట్టి నమ్మకం. భయం పుట్టిన మనిషికి ఒక్క వేలు చాలని వాళ్లకు తెలియదు. కంప్యూటర్‌లో నిజంగానే ఇంకెవరో దూరారని మనోజ్ఞకు ఖాయమైపోయింది. శుభలేఖ కిందే 'ఎవరు నువ్వు?' అని కొట్టింది.

'అది నేనడగాలి' అని ఒంటి వేలితో జవాబొచ్చింది.

బసవపున్నయ్య ఇంటికి ఫోన్ చేస్తే కలవలేదు. కంగారుగా ఎదురు ఫ్లాట్ అమలమ్మకు చేశాడు. ఆవిడ వచ్చి తలుపు కొట్టింది.

"నేను లేచి రాలేనొదినా! ఇంట్లో దొంగ ఉన్నాడు. నేనిటు లేస్తే శుభలేఖ ఎత్తుకుపోతాడు!" అని లోపల్నుంచి కేక.

దొంగ అన్న మాటే అమలమ్మకు చాలింది. అప్పడాల కర్ర తెచ్చుకుని, వాచ్‌మన్ ఆమోసును పిలుచుకుని, దగ్గరగా వేసి ఉన్న తలుపు తోసుకుని వచ్చింది. ఆమోసు మంచం కింద చూశాడు, బాత్రూంలో చూశాడు, బీరువా వెనక కర్ర పెట్టి కెలికాడు.

"దొంగేడమ్మగారూ?"

ఛాయాదేవి తెర వైపు వేలు చూపించి, అదే వేలితో మళ్లీ టైపు చెయ్యసాగింది. 'బాబూ, నీకూ అక్కచెల్లెళ్లు ఉండే ఉంటారు. మా పిల్ల పెళ్లి. ఈ కార్డు జోలికి మాత్రం రాకు. పొద్దున్నే ఈ పనిలో పడ్డావు, టిఫినన్నా తిన్నావో లేదో.'

'అమ్మా! నేనే, మనోజ్ఞని!'

"చూశావా వదినా! పిల్ల పేరు కూడా తెలిసిపోయింది!"

"ఊరికే నమ్మమాకు. మీ పిల్లకే తెలిసిందేదన్నా అడుగు" అంది అమలమ్మ, కర్ర దించకుండానే.

'మా అమ్మాయివైతే, చిన్నప్పుడు ముక్కులో ఏం దూర్చుకున్నావో చెప్పు.'

'శనగబద్ద.'

'కాదు, బలపం ముక్క. దొరికిపోయావురా దొంగా!'

అటునుంచి అక్షరాలు వాన కురిసినట్టు పడ్డాయి. 'బలపం దూర్చుకుంది పిన్ని కూతురు. నాది శనగబద్ద. ఎన్నిసార్లు చెప్పినా వినవు. పేరంటానికి వెళ్లిన ప్రతిచోటా ఆ బలపం నాకే అంటగడతావ్. నీకు అసలేం గుర్తుంటుంది కనక!'

ఛాయాదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా మనోజ్ఞే వదినా! నాకు ఇంత ఎదురు చెప్పేది ఇంకెవరు?"

బియ్యం డబ్బాలోంచి ఫోన్ బయటికొచ్చింది. "నీ పేరు నువ్వే ఎందుకు తుడిచావే అమ్మా?" అంది కూతురు.

"ఇప్పుడు నా పేరెందుకే? శ్రీమతి అంటే చాలదూ?"

"చాలదు. ఉండాల్సిందే."

ఛాయాదేవి తెర మీద లావుగా ఉన్న తన పేరును వేలితో ఒకసారి తడిమింది. "పోనీ, కాస్త సన్న అక్షరాల్లో పెట్టు" అంది చివరికి.

"స్కాన్ కూడా అయిపోయిందమ్మా. వైరస్ పోయింది, అంతా శుభ్రం. ప్రెస్సాయన అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ఆయనతో మాట్లాడుతుంటా, మనం రాసుకున్నదంతా నువ్వు తుడిచెయ్. అయిపోయిందంటే పంపించేస్తా."

ఛాయాదేవి తుడిచే మీట మీద వేలు పెట్టి గట్టిగా అదిమింది. దొంగ, బలపం అన్న మాటల్లో ఒక్కటి మిగిలినా పెళ్లికొడుకు వాళ్లు ఏమనుకుంటారోనని, మీట మీదనుంచి వేలు గానీ చూపు గానీ తీయలేదు. కూతురికి మళ్లీ ఫోన్ చేసి "అయిపోయింది, పంపించెయ్" అంది. బసవపున్నయ్య సెలవు పెట్టి రొప్పుకుంటూ ఇల్లు చేరేసరికి, ఆమోసుకు కాఫీ ఇస్తూ కనపడింది.

మర్నాడు సాయంత్రం శుభలేఖలొచ్చాయి. మంచి కాగితం, మెరుపు అక్షరాలు. బసవపున్నయ్య కళ్లజోడు పెట్టుకుని అడుగున ఉన్నది పైకి చదివాడు.

"ఆహ్వానించువారు: శ్రీమతి ఛాయాదేవి & శ్రీ."

కార్డు తిరగేసి వెనక కూడా చూశాడు.

"అయ్యయ్యో! తండ్రి పేరు లేకపోతే జనం ఏమనుకుంటారండీ? మీరు లేరనుకుంటారండీ!" అని ఛాయాదేవి మంచం మీద కూలబడింది.

"ఎందుకు లేనే, ఇదుగో, ఈ 'శ్రీ' నేనేగా" అన్నాడాయన బితుకుబితుకుమంటూ.

మళ్లీ అచ్చువేయడానికి మిషను ఖాళీ లేదు. పోస్టులో వెయ్యడానికీ, ఎవరి చేతనైనా పంపడానికీ ఛాయాదేవి ఒప్పుకోలేదు. ఇక ఉయ్యూరు మొదలుకొని భవానీపురం దాకా బసవపున్నయ్య ప్రతి గుమ్మంలోనూ ముందు తనను తాను చూపించుకుని, ఆ తర్వాతే శుభలేఖ చేతికిచ్చేవాడు.