సమాధానం రాలేదు

స్వర్ణముఖి పొంగి చిట్టమూరు దారి తెగిపోయిన వరదకు అది మూడో ఏడు. మే నెల. ఉప్పుటేటి పక్కన రొయ్యల గుంటలు మూడు ఉండేవి. రెండింట్లో తెగులు వచ్చి రొయ్య పోయింది. మూడో గుంటలో మాత్రం బతికి ఉంది. పది రోజుల్లో రొయ్య పట్టి అమ్మాలి. ఇది కూడా పోతే గుంటలు మూసేస్తానని యజమాని చెప్పినాడు. మూస్తే అందరూ ఇంటికి పోవాల్సిందే.

తూము పని సమాధానం అనే పెద్దాయనది. సముద్రం పోటు వచ్చినప్పుడు తూము పలక ఎత్తి ఏటి నీళ్లు గుంటలోకి వదలాలి. పోటు తీసేలోపల దించాలి. పదకొండేళ్లుగా ఆయనే ఆ పని చేస్తున్నాడు. ఒక మాట రెండుసార్లు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఒకసారి చెప్పడం కూడా తక్కువే.

ఆ రోజు పోటు పది గంటలకు. నీళ్లు మార్చాలని సమాధానం పొద్దున్నే వచ్చినాడు. మేనేజరు హరినాథ్ ముందురోజు సాయంత్రమే అత్తగారి కంటి ఆపరేషనుకు చెన్నై పోయినాడు. పోతా ఒక చీటీ రాసి, మేత గది చూసే పెంచలకృష్ణ చేతికిచ్చినాడు. పెంచలకృష్ణను ఎవరూ పెద్దను చెయ్యలేదు. అయినా తెల్లారేసరికి మేనేజరు కుర్చీలో ఉన్నాడు.

"అందరూ ఇట్ట రండి. సార్ ఆర్డరు చదువుతుండా. 'సమాధానం లేకుండా తూము ఎత్తవద్దు.' అర్థమైందా?"

"అయింది. నేను లేకుండా ఎత్తొద్దని," అన్నాడు సమాధానం.

"నువ్వెవురు?"

"సమాధానం."

పెంచలకృష్ణ నవ్వినాడు. "ఏం పెద్దాయనా, సార్ పనిగట్టుకోని నీ పేరు రాస్తాడా? సమాధానం అంటే జవాబు. నేను ఫోన్ చేసి అడగాల. సార్ జవాబు ఇయ్యాల. అప్పుడు ఎత్తాల. ఇది ఆఫీసు భాష, నీకు తెలీదులే."

మేత ట్రేలు చూసే ఎలిశబెతు ఊరుకోలేదు. "అది ఆయన పేరే గదన్నా. మా చర్చిలో అడిగినా చెప్తారు."

"నువ్వు ట్రేలు చూసుకో అక్కా. ఆఫీసు విషయాల్లోకి రాబాక."

తూము తిప్పే ఇనప పిడిని సమాధానం చేతిలో నుంచి తీసుకుని పెంచలకృష్ణ ఆఫీసులో పెట్టినాడు. సమాధానం ఒకసారి చెప్పినాడు గనక మళ్లీ చెప్పలేదు.

ఎనిమిదికి కరెంటు పోయింది. గుంటలో గాలి కొట్టే ఏరేటర్లు ఆగినాయి. జనరేటరు రిపేరుకని గూడూరు పోయి నెల అయింది. ఎండ ఎక్కేకొద్దీ రొయ్యలు ఊపిరాడక పైకి తేలి గట్టుకు రాసాగినాయి. కొత్త నీళ్లు వస్తేనే బతుకుతాయి.

పెంచలకృష్ణ చెన్నైకి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఫోన్ తెచ్చి సమాధానం ముందర పెట్టినాడు. "నేను గుంట చూసొస్తా. సమాధానం వస్తే కేకెయ్యి."

అయిదు నిమిషాలకొకసారి గట్టు మీద నుంచి అరుస్తున్నాడు. "సమాధానం వచ్చిందా?"

"నేనైతే పొద్దుననగా వచ్చినా," అన్నాడు సమాధానం, ఎవరికీ వినపడకుండా.

తొమ్మిదికి పెంచలకృష్ణ ఓపిక పట్టలేక వచ్చి, ఆ ఫోన్లోనే మాట రికార్డు చేసి పంపినాడు. "సార్, సమాధానం లేదు సార్. పొద్దుట్నుంచి చూస్తుండాం, లేదు. రొయ్యలు గుంటలో తేలుతుండాయి సార్."

హరినాథ్ ఆస్పత్రి వరండాలో ఫోన్ ఆన్ చేసి, అక్కడి గోలలో ఆ మాట విన్నాడు. 'సమాధానం లేదు' అన్నది వినపడింది. 'గుంటలో తేలుతుండా' అన్నది వినపడింది. రొయ్యలు వినపడలేదు. పెద్దాయన గుంటలో పడి పోయినాడనుకుని పెంచలకృష్ణకు ఫోన్ చేసినాడు. పెంచలకృష్ణ ఆయనకే చేస్తున్నాడు. ఇద్దరికీ ఎంగేజ్. చివరికి హరినాథ్ ఊళ్లో పాస్టరు జ్ఞానప్రకాశం గారికి చేసి, సమాధానం ఇంట్లో వాళ్లకు మెల్లగా చెప్పమన్నాడు. తాను కారెక్కినాడు.

పది గంటలకు పోటూ వచ్చింది, ట్రాక్టరూ వచ్చింది. ట్రాక్టరులో పాస్టరు గారు, సమాధానం భార్య మగ్దలీనమ్మ, చర్చి వాళ్లు ఇరవైమంది, ఒక శవపెట్టె. ఆ పెట్టె వేరే ఎవరికో చేయించింది. ఆయన కోలుకోవడంతో మిగిలిపోయింది.

ఏడుస్తా, అరుస్తా గట్టెక్కే గుంపును చూసి పెంచలకృష్ణ బెదిరిపోయినాడు. పెద్దాయన పిడి లాక్కున్నందుకు కొట్టేదానికి వచ్చినారనుకున్నాడు. ఆఫీసులో దూరి లోపల గడియ వేసుకున్నాడు. పిడి కూడా లోపలే ఉంది.

మగ్దలీనమ్మ, ఫోన్ ముందర కూర్చున్న మొగుణ్ణి చూసి ఆగిపోయింది. తర్వాత ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ఎంత గాబరా పెట్టినావయ్యా! బతికే ఉండానని ఒక ఫోనన్నా చెయ్యకూడదా?"

"చచ్చినట్టు నాకెవురూ చెప్పలా."

పాస్టరు గారు దేవునికి స్తోత్రం చెప్పినారు. చెప్పి, పెట్టెను, సమాధానాన్ని మార్చి మార్చి చూసినారు. "పెట్టె జానెడు పొట్టిదై ఉండేది," అన్నారు.

ఎలిశబెతు ఆఫీసు తలుపు బాదింది. "అన్నా, నిన్నెవురూ కొట్టరు! పోటు తీస్తుండాది, పిడి ఇయ్యి!"

"పోలీసులొస్తేనే తీస్తా!"

మగవాళ్లు నలుగురు వట్టి చేతులతో తూము తిప్పబోయినారు. కదల్లేదు. పదకొండుకు పోటు తీసింది. పదకొండున్నరకు గట్టు పొడుగునా రొయ్య తెల్లగా తేలింది. కొంగలు వచ్చినాయి.

పన్నెండు దాటినాక హరినాథ్ కారు దిగినాడు. ముందు సమాధానాన్ని చూసినాడు. తర్వాత గుంటను చూసినాడు. ఆఫీసు కిటికీలో నుంచి పెంచలకృష్ణ జరిగిందంతా చెప్పినాడు.

"నువ్వు లేకుండా ఎత్తొద్దని గదా నేను రాసింది. నువ్వుండి ఏం చేసినావు?" అన్నాడు హరినాథ్.

"చెప్పినా సార్."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

హరినాథ్ గట్టు మీద కూలబడినాడు. "నువ్వు పోయినావనుకోని ఏడ్చుకుంటా వచ్చినానయ్యా. పోయుంటే యజమానికి చెప్పేదానికి ఒక కారణమన్నా ఉండేది."

పెంచలకృష్ణ అప్పటికి గడియ తీసి బయటికొచ్చినాడు. పొద్దుట్నుంచి తాను ఎన్నిసార్లు ఫోన్ చేసిందీ లెక్కతో చూపించినాడు. నలభై మూడు. కనీసం ఇతనన్నా గట్టిగా ప్రయత్నం చేసినాడని హరినాథ్ యజమానికి ఫోన్లో చెప్పినాడు. గుంటలు మూసేదాకా పెత్తనం పెంచలకృష్ణకే ఇమ్మని యజమాని అన్నాడు.

మరుసటి ఉదయం గుంట ఎండగట్టమని కబురొచ్చింది. సమాధానం ఆఫీసుకు పోయి, ఎవరినీ అడక్కుండా పిడి తీసుకున్నాడు. సముద్రం వెనక్కి తీసే పాటు చూసుకుని తూము ఎత్తినాడు.

నీళ్లు బాగా పోయినాయి.