నిమ్మచెట్టు విముక్తి కార్యక్రమం

ఇందుమూలంగా వీధిలోని వారందరికీ తెలియజేయడమేమనగా, సూపరింటెండెంటు గారి పెరట్లోని ఊదాపూల తీగను వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు, ఏ రసాయనమూ వాడకుండా, సమూలంగా నిర్మూలించడం జరుగును. ఈ ప్రకటన రాసిందీ, కింద సంతకం పెట్టిందీ, గేటుకు అంటించిందీ వారే. రిటైరై రెండేళ్లయినా, రోజుకొక్క సంతకమైనా పెట్టకపోతే ఆయనకు అన్నం సయించదు.

తీగ నేరం చిన్నది కాదు. ప్రహరీ ఎక్కింది. నీళ్ల పైపును చుట్టేసింది. చివరికి, ఈ ఇంట్లో చేరిన ఏడాది ఆయన భార్య నాటుకున్న నిమ్మచెట్టును కొమ్మకొమ్మకూ కట్టిపడేసింది. ఆకులు పాలిపోయాయి, ఆ ఏడు ఒక్క కాయా కాయలేదు. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు.

"నా చెట్టు చచ్చిందంటే, ఆ తీగతో పాటు మిమ్మల్ని కూడా గోడ అవతల పడేస్తాను" అని నెమ్మదిగానే అంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ మెమోకీ ఆయన అంతగా బెదరలేదు.

అసలా తీగ పెరట్లోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న కార్యక్రమం పరిధిలోకి రాదని ఆయన ముందే తీర్మానించారు. మూడేళ్ల కిందట ఆఫీసు గోడ మీద పూలు చూసి ముచ్చటపడి, జానెడు ముక్క తుంచి, తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో ఇంటికి తెచ్చిన పెద్దమనిషిని ఇప్పుడు బజారుకీడ్చి ఏం లాభం? పైగా ఆ పెద్దమనిషికి రోజూ గడ్డం గీయవలసింది తనే.

ఆదివారం ఇరుగుపొరుగు వచ్చారు. ఆయన స్టూలెక్కి నలభై నిమిషాలు మాట్లాడారు.

"మందు కొడితే మట్టి చస్తుంది, మట్టిలో వానపాము చస్తుంది! మనిషన్నవాడు వంగాలి, చేత్తో పీకాలి!"

చప్పట్లు మోగాయి. తర్వాత ఆయన వంగకుండానే, కత్తెరతో తీగను మోకాలి ఎత్తున కత్తిరించారు. పైఅధికారుల ముందు తప్ప ఎక్కడా వంగని నడుము అది.

"వేరు తవ్వకపోతే మళ్లీ వస్తుందండీ" అంది భార్య.

"అది రెండో దశ" అన్నారాయన.

కోసిన తీగనంతా ముక్కలు చేసి ఎరువు గుంటలో వేశారు. శత్రువునే ఎరువుగా మార్చే ఈ ఆలోచన వచ్చినందుకు తనను తానే అభినందించుకున్నారు.

పది రోజుల్లో ఒక తీగ ఉన్నచోట ఐదు లేచాయి. రెండో దశ ఇంకా పరిశీలనలో ఉండగానే ఆవిడ గునపం తీసుకుంది. ప్రకటన లేదు, స్టూలు లేదు. రోజూ పొద్దున్నే చెట్టు కింద కూర్చుని, వేరును చివరంటా తవ్వి తీసి, గలగలలాడేదాకా డాబా మీద ఎండబెట్టింది. మళ్లీ మొలక రాకుండా నేల మీద అట్టలు పరిచింది. అవి ఆయన సన్మాన పత్రాలు దాచుకున్న పెట్టెల అట్టలు. చాలనిచోట పత్రాలు కూడా పరిచింది.

నాలుగు నెలలకు నిమ్మచెట్టు చిగురు వేసి పూత పట్టింది. ఆవిడ ఆ కొమ్మ పట్టుకుని, సంతోషం ఆపుకోలేక ఏడ్చేసింది. ఆయన కార్యక్రమం విజయవంతమైనట్టు గేటుకు ప్రకటన అంటించి, గుంటలోని ఎరువును ఇంటికో బకెట్టు చొప్పున ఉచితంగా పంచారు.

వానలు పడ్డాయి. వీధి వీధంతా ఊదారంగు పూసింది.

జనం కంగారుపడి ఆయన ఇంటికే వచ్చారు. "దీన్ని గెలిచింది మీరొక్కరేనండీ. మా నిర్మూలన సంఘానికి మీరే అధ్యక్షులుగా ఉండాలి" అన్నారు. భార్య ఆయన వంక ఒక్కసారి చూసింది. ఆయనకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"అయ్యా, ఆ తీగ తెచ్చింది నేను. ముక్కలు ఎరువులో కలిపి మీకు పంచింది నేను. చెట్టును బతికించింది ఈవిడ" అని చెప్పేశారు.

"ఆహా, ఎంత వినయం!" అని చప్పట్లు కొట్టి, ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

ఆవిడ గునపం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మొదటి ఇల్లు పక్కింటిదే. ఆవిడ అన్నంత పనీ చేసింది, ఆయన ఇప్పుడు గోడ అవతలే ఉన్నారు. మోకాళ్ల మీద కూర్చుని మధ్యాహ్నందాకా తవ్వారు. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరి వేరు లాగి తలెత్తేసరికి, పక్కింటాయన జానెడు ముక్క తుంచి తడిగుడ్డలో చుడుతున్నాడు.

"ఎంతైనా పువ్వు భలే ఉంటుందండీ. ఒక్క కుండీలో పెట్టుకుంటాను" అన్నాడు. "గోడ దాటనివ్వనులెండి."

ఆ మొహం సూపరింటెండెంటు గారికి కొత్తది కాదు. రోజూ గడ్డం గీస్తున్నదే.