కప్పిన గుడ్డ కింద బోడికొండపల్లి

ధర్మవరంలో అంజినప్ప కిరాణా అంగడి ఫోనులో వినబడింది ఇది: "ఓబుళేసు పెళ్ళి ఆగిపోయింది. బిన్నా, ఇప్పుడే రమ్మను!"

అనంతపురంలో శశికుమార్ గొంతు చించుకుని అరిచింది ఇది: "ఓబుళేసు ఫైలు ఆగిపోయింది. బిన్నా, ఇప్పుడే రమ్మను!"

మధ్యలో నలభై కిలోమీటర్ల తీగ. తీగ మీద రెండు వేల మూడో సంవత్సరపు మే నెల ఎండ. ఆ ఎండకు చెట్లే నిలవలేదు, అక్షరాలు నిలుస్తాయా?

నిజానికి ఆ సోమవారం శశికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ట్యాంకర్ల జాబితా ప్రింటు తీయాలి. పది లోపల శివప్ప చేతికివ్వాలి. పదింటికి కాఫీ తాగాలి. యాడికి అనే ఊరి నుంచి వచ్చి, అనంతపురంలో ఒక మేడ మీద మూడు కంప్యూటర్లతో ఆయన పెట్టిన కంపెనీ పేరు 'మహాసముద్రం సాఫ్ట్‌వేర్స్'. పేరులో సముద్రం, కుళాయిలో గాలి. కరువు పల్లెల్లో ఏ ఊరికి ఆ వారం ఎన్ని ట్యాంకర్ల నీళ్ళు పోవాలో తేల్చి జాబితా అచ్చు వేసే ప్రోగ్రాము వాళ్ళది. ఎదురుగా ఉన్న నీళ్ళ ఆఫీసు అటెండరు శివప్ప ఆ జాబితాను తీసుకుపోయి బోర్డుకు అంటిస్తాడు. సాయంత్రం అయిదింటికి దాని మీద సీలు పడుతుంది. ఆ తర్వాత వచ్చే సోమవారం దాకా బ్రహ్మదేవుడు బిందె పట్టుకుని వచ్చినా కొత్త ఊరు చేరదు.

జాబితా అంటించి శివప్ప మేడ మీదికి తిరిగి వచ్చాడు. "సారూ, ఒక మాట..." అనబోతుండగా వెనకనుంచి ఖాళీ బిందె వచ్చింది. దాని వెనక సుబ్బలక్ష్మమ్మ వచ్చింది.

"ఏమప్పా, మా ఊరు యాడ పోయినాది?"

"ఏ ఊరమ్మా?"

"కంబదూరు పక్కన బోడికొండపల్లి. పోయిన వారమూ కాగితంలో లేదు, ఈ వారమూ లేదు. నిన్న మా ఎద్దు పడిపోయినాది. నా మనమరాలు జరంతో పడి ఉండాది. నాలుక తడపను నీళ్ళు లేవు నాయనా. ఊరు ఉండాది, మేమూ ఉండాము. మీ కాగితంలోనే లేము."

శశికుమార్ ముఖం వాడింది. ఆ ఊరు ఎక్కడికి పోయిందో ఆయనకు తెలుసు. రెండు వారాల కిందట ఆయన దగ్గర పనిచేసే జ్యోతిలక్ష్మి తన కంప్యూటరులో కూర్చుని బోడికొండపల్లిని ఫైలులో చేర్చింది. అదే సమయంలో ఆయన తన కంప్యూటరులో అదే ఫైలు పాత కాపీ తెరిచి, ఏదో కామా సరిచేసి, దాని మీదే సేవ్ చేశాడు. కామా బతికింది. ఊరు పోయింది.

కోడు రాసేవాళ్ళ గోడు ఇదే. ఒకడు కట్టిన గోడ మీద ఇంకొకడు సున్నం కొడితే ఫరవాలేదు, గోడే కొట్టేస్తే ఎలా? అందుకే ఆఫీసులో మూడో మనిషి ఓబుళేసు, ఫైళ్ళను కాపాడే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చి పెట్టాడు. ఆఫీసులో దాన్ని 'పెట్టె' అంటారు. ఒకరు పెట్టెలోంచి ఫైలు తీసుకుంటే దానికి తాళం పడుతుంది. వాళ్ళు తిరిగి పెట్టేదాకా మిగతావాళ్ళు చూడవచ్చు గాని దిద్దకూడదు.

జ్యోతిలక్ష్మి పెట్టె తెరిచి చూసింది. "సార్, జాబితా ఫైలు శనివారమే ఓబుళేసు తీసుకున్నాడు. తిరిగి పెట్టలేదు."

"వాడు యాడ?"

"ధర్మవరంలో. మధ్యాహ్నం నిశ్చితార్థం కదా, లీవు మీరే ఇచ్చినారు."

"తాళం నువ్వు తియ్యి."

"తీసే పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉండాది."

తాళం వేసినవాడు ధర్మవరంలో, తాళం తప్పినవాళ్ళు అనంతపురంలో! అప్పుడు చేసిందే ఆ ఫోను.

ఫోను పెట్టేసి అంజినప్ప అంగడి కూడా మూయకుండా మగ్గాల వీధికి పరిగెత్తాడు. "పెళ్ళి ఆగిపోయిందంట! అనంతపురం నుంచి చెప్పినారు!" అన్నాడు. పెళ్ళి ఆపే అధికారం అనంతపురానికి ఎందుకుందని ఎవరూ అడగలేదు. ఆడపిల్లవాళ్ళు మాత్రం, ఆ ఆఫీసులో జ్యోతిలక్ష్మి అనే అమ్మాయి ఉందా లేదా అని అడిగారు. ఉందని ఓబుళేసు నిజం చెప్పాడు. నిజం చెప్పే కుర్రవాడికి నిశ్చితార్థం రోజు అంత మంచిది కాదు. అంజినప్ప అంగడి ఫోను అప్పటికే మూగపోయింది. రచ్చ ఎంతకూ తేలక, మధ్యాహ్నం మూడింటికి రెండు జీపులు అనంతపురం బయలుదేరాయి. ఒకదానిలో ఓబుళేసు, వాళ్ళ నాయన జయరాముడు. రెండోదానిలో ఆడపిల్ల మేనమామ, ఆయన కోపం.

ఇక్కడ, పొద్దున ఫోను పెట్టేసిన వెంటనే శశికుమార్ చూపు ఓబుళేసు కంప్యూటరు మీద పడింది. దాని మీద నేతలో చెడిపోయిన పట్టుచీర ముక్క కప్పి ఉంది.

"ఆ గుడ్డ తీసి చూస్తాం. ఏమన్నా దొరుకుతాదేమో."

"వద్దు సార్!" జ్యోతిలక్ష్మి చేతులు అడ్డం పెట్టింది. ఆమెదీ ధర్మవరం నేతవాళ్ళ ఇల్లే. "పని సగంలో ఉంటేనే మగ్గం మీద గుడ్డ కప్పేది. కప్పిన మగ్గాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదని మా అవ్వ చెప్పేది. ముట్టుకుంటే పోగు తెగుతాది."

"ఇది కంప్యూటరమ్మా!"

"మొన్న మీరు ముట్టుకుంటే ఊరే తెగింది కదా సార్."

శశికుమార్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సారూ, ఒక మాట..." అన్నాడు శివప్ప.

"ఉండు శివప్పా, చస్తా ఉండాం ఈడ!"

తాళం తీయలేనివాడు కిటికీలోంచి దూరతాడు. శశికుమార్ తన సొరుగులో ఉన్న ఫ్లాపీ తీశాడు. అందులో నెల కిందటి ఫైలు కాపీ ఉంది. దానికి బోడికొండపల్లిని చేర్చి, ప్రింటు తీసి, పైన 'ఫైనల్' అని రాసి శివప్ప చేత పంపాడు. ఆఫీసులో కాఫీకి నీళ్ళు లేవు గాని కాపీలకు లోటు లేదు. అదే సమయంలో జ్యోతిలక్ష్మి పెట్టెలోని ఫైలును చూసి, ఇంకో పేరుతో కాపీ చేసి, బోడికొండపల్లిని మొదటి వరసలో రాసి, 'కొత్త ఫైనల్' అని అచ్చు వేసింది. ఒకరు చేస్తున్నది ఒకరికి చెప్పుకునే తీరిక ఇద్దరికీ లేదు.

పావుగంటలో బోర్డు ముందు కాచుకున్న ఊర్లవాళ్ళు బిందెలతో మెట్లెక్కారు. 'ఫైనల్'లో యాడికి దగ్గరి ఎర్రబండ లేదు. ఆ ఊరు చేరింది మూడు వారాల కిందట, ఫ్లాపీ వయసు నెల. 'కొత్త ఫైనల్'లో కాకులగుట్ట లేదు. ఆ ప్రోగ్రాముకు అరవై ఊర్లు దాటితే పట్టదు. పైన ఒకటి ఎక్కిస్తే కింద ఒకటి రాలిపోతుంది.

"మా ఊరిని తీసి ఎవురికి పెట్టినారు? దుడ్లు ఎంత తిన్నారు?" అని ఎర్రబండ అరిచింది.

"ఈ ముసలిదానికే!" అని కాకులగుట్ట చూపించింది.

సుబ్బలక్ష్మమ్మ బిందెను ఒళ్ళోకి లాక్కుంది. "నా బిందెలో ఏముండాదో చూడండప్పా. మీ ఊరి నీళ్ళు కనబడితే తీసుకోండి."

శశికుమార్ రెండు కాగితాలనూ కలిపి మూడోది తయారు చేశాడు. 'నిజంగా ఫైనల్'. అందులో ఎర్రబండ రెండుసార్లు వచ్చింది, ఇంకో రెండు ఊర్లు రాలిపోయాయి. మధ్యాహ్నం మూడుకల్లా బోర్డు మీద నాలుగు జాబితాలు, మెట్ల మీద నలభై బిందెలు. ఎవరో ఒకరి తల పగిలింది. పగిలిన తల కడగడానికి నీళ్ళు అడిగితే అందరూ ఒకరి బిందెలోకి ఒకరు చూసుకున్నారు. ఆ రోజు ఆ మెట్ల మీద గొడవ లేనిది ఆ ఒక్క నిమిషమే.

నాలుగుంపావుకు జీపులు వచ్చాయి. ఓబుళేసు పట్టుపంచె ఎగగట్టుకుని బిందెల మధ్య దారి చేసుకుంటూ పైకి వచ్చాడు. వెనకనే నాయన జయరాముడు, ఆయన వెనక మేనమామ.

"పెళ్ళి ఆపింది ఎవరు? ఆ జ్యోతిలక్ష్మి ఎవరు?"

"నేనే. ఆగింది పెళ్ళి కాదు సామీ, ఫైలు!" అంది జ్యోతిలక్ష్మి ఏడుపు గొంతుతో.

ఓబుళేసు ఆగలేదు. నేరుగా పోయి గుడ్డ లాగేశాడు. తెర మీద తెల్ల కాగితం అంటించి ఉంది. మెట్ల మీదివాళ్ళకు కూడా వినబడేటట్టు జయరాముడు కూడబలుక్కుని చదివాడు.

"సార్‌కు. బోడికొండపల్లిని చేర్చినాను. అరవై ఊర్ల హద్దు కూడా తీసేసినాను. పని అయిపోయింది. పరీక్షించి, తిరిగి పెట్టెలో పెడితే చాలు. పాస్‌వర్డు: వాన."

అనంతపురంలో ఎవరి ఊహకూ అందని మాట అదొక్కటేనని ఎంచుకున్నాడట.

జ్యోతిలక్ష్మి మెల్లగా అంది: "కప్పిన మగ్గం ముట్టుకోకూడదని..."

జయరాముడు నెత్తి కొట్టుకున్నాడు. "గుడ్డ కప్పేది దుమ్ము పడకుండా తల్లీ! ముట్టుకోవద్దనేది పిల్లోళ్ళకు, పోగులు తెంచుతారని. పెద్దోళ్ళు గుడ్డ ఎత్తి చూడకపోతే, సగంలో మనిషి పడిపోతే చీర ఎవురు నేస్తారు?" తర్వాత మెట్ల వైపు తిరిగి వివరించాడు. "వినండప్పా! ఎవురూ దుడ్లు తినలేదు. ఒకే చీరను ముగ్గురు మూడు మగ్గాల మీద నేసినారు. అసలు చీర ఈ గుడ్డ కింద ఉండాది. అంతే."

అందరికీ అర్థమయింది. మేనమామకు కూడా అర్థమయింది గాని ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది. "వానలు పడినాక చూస్తాం లెండి" అని జీపు ఎక్కాడు. ఆ జిల్లాలో ఆ మాటకు అర్థం ఏమిటో ఓబుళేసుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దున తప్పుగా వినబడిన మాటను సాయంత్రానికి నిజం చేసి పోయాడాయన.

ఓబుళేసు 'వాన' అని కొట్టాడు. ఫైలు పెట్టెలోకి పోయింది. జాబితా అచ్చయింది. అరవై ఒక్క ఊర్లు, ఒక్కటీ రెండుసార్లు రాలేదు, ఒక్కటీ తప్పిపోలేదు. గడియారం నాలుగూ యాభై చూపుతోంది. శశికుమార్ కాగితాన్ని రెండు చేతులా శివప్పకు అందించాడు. "పరిగెత్తు శివప్పా!"

శివప్ప పరిగెత్తలేదు. "పొద్దుటినుంచి ఒక మాట చెబుతాండా, మీరు చెప్పనీకుండా..."

"ఏందప్పా అది?"

"ట్యాంకర్లు నింపే పెద్ద బోరు తెల్లారి ఎండిపోయినాది సారూ. బురద కూడా రాలేదు. డ్రైవర్లు బండ్ల కింద పండుకోని నిద్రపోతాండారు. ఈ వారం ఏ ఊరికీ ట్యాంకరు పోదు."

బోరు ఎండితే బోరుమనడమే అంటారు. మెట్ల మీద ఎవరూ బోరుమనలేదు. ఏడ్చినా తడి ఖర్చే. సుబ్బలక్ష్మమ్మ, "మా ఊరు ఉండాదా నాయనా అందులో?" అని అడిగింది. ఓబుళేసు వేలు పెట్టి చూపించాడు. చదువు రాకపోయినా ఆమె ఆ అక్షరాలను తడిమి చూసుకుంది. బిందెను తలకిందులుగా చంకన పెట్టుకుని కంబదూరు బస్సుకు పోయింది.

అయిదింటికి సీలు పడింది. ఆ వారం జాబితాలో ఒక్క తప్పు కూడా లేదు.