బొట్టు పెట్టిన స్విచ్చులు

ఇంటికి బ్యాటరీ పెట్టించుకోకండి. పెట్టించుకోవాలని ప్లాన్ మాత్రం వెయ్యండి!

ఈ మాట నేను గాలికి అనడం లేదు. రాజంపేటలో పప్పుల అంగడి నడుపుకుంటూ, ఎండనూ కరెంటు కోతనూ ఒకే గొడుగు కింద అనుభవించిన మనిషిగా చెబుతున్నాను. బ్యాటరీ వస్తే ఏమొస్తుంది? ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. అంతేగా! అదే ప్లాన్ వేస్తూ కూర్చుంటే ఇల్లంతా ఒకచోట చేరుతుంది. ఏళ్ల తరబడి మాటల్లేని చిన్నాయన గూడా గడప దాటి వచ్చి పలకరిస్తాడు. పోట్లాడటానికే రానీండి, రావడమైతే వస్తాడు కదా!

మా ఇంట్లో ఈ ప్లానింగు పోయిన ఎండాకాలం మొదలై, ఈ ఎండాకాలం నడిమి దాకా దిగ్విజయంగా సాగింది. ఆ వైభవం మీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

ముందు బ్యాటరీ అవసరం ఎందుకొచ్చిందో వినండి. మా మిద్దె మీద సోలార్ పలకలు ఉన్నాయి. అవి బిగించిన రోజు మా అమ్మ పుల్లమ్మ వాటికి హారతి ఇచ్చింది. ఇక కోత మా గడప తొక్కదని నేను వీధంతా తిరిగి చెప్పి వచ్చాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం కోత వచ్చింది. మిద్దె మీద వడియాలు పెట్టినవి పెట్టినట్టే ఎండి గలగలమంటున్నాయి. పలకలు తళతళలాడుతున్నాయి. ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది!

వీధి లైన్లో కరెంటు పోతే మన పలకలు కూడా పని మానేస్తాయట! లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటట. మంచి ఏర్పాటే, ఎవరు కాదన్నారు? కానీ నడినెత్తిన అంత సూర్యుణ్ణి పెట్టుకుని విసనకర్ర కోసం వెతుక్కోవడం ఎంత అవమానం! వీధిలో నేను తలెత్తుకోలేకపోయాను. కోతలో కూడా కరెంటు కావాలంటే బ్యాటరీ ఉండాలని తెలిసింది. ఇంకేం, ప్లానింగు మొదలు!

మొట్టమొదటి విన్నపం నా భార్య పద్మప్రియ నుంచి వచ్చింది. పమిట కొంగుతో మొహం తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏమండీ, ఎట్లాగూ వైర్లు లాగుతాండారు గదా, వంటింట్లో ఒక ఫ్యాను పెట్టియ్యండి. కోత ఉన్నా లేకున్నా నేను ఈడ ఉడికిపోతానే ఉండాను."

మా ప్లానింగు సభ ఉలిక్కిపడింది. మా అమ్మ తేరుకుని అంది.

"వంటింట్లో ఫ్యానా! పొయ్యి ఆరిపోదామ్మే? నేనేమన్నా ఫ్యాను కింద వండినానా ఇన్నేండ్లు?"

ఎంత శాస్త్రీయమైన అభ్యంతరం! గాలి వస్తే మంట ఆరుతుంది, ఇది చిన్నపిల్లలకూ తెలుసు. పద్మప్రియ విన్నపాన్ని తర్వాత పరిశీలిద్దామని పక్కన పెట్టాం. పక్కన పెట్టడం కూడా ప్లానింగులో ముఖ్యమైన భాగమే.

తర్వాత స్థలం. బ్యాటరీని ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే మా చిన్నాయన కేశవయ్య పక్కింటి నుంచి వచ్చాడు. ఆయనకు వాస్తు కొట్టిన పిండి. వచ్చీరాగానే చేత్తో దిక్కులు చూపించి తేల్చేశాడు.

"బ్యాటరీ అంటే అగ్ని. అగ్ని యాడుండల్ల? ఆగ్నేయంలో ఉండల్ల. వంటింట్లో పెట్టుకోండి, ఇంక ఆలోచన వద్దు."

అప్పుడు కడప నుంచి బ్యాటరీ బిగించడానికి వచ్చిన సోమశేఖర్ చేతులు జోడించాడు. "పెద్దాయనా, గ్యాసు పొయ్యి పక్కన పెట్టగూడదు. దీనికి వేడి పడదు."

చిన్నాయన వెనక్కి తగ్గే రకమా? సోమశేఖర్ నమూనాకు తెచ్చిన బ్యాటరీని ఒకసారి ఎత్తి చూపించమన్నాడు. ఇద్దరు పట్టినా లేవలేదు. "ఇంత బరువుందంటే ఇది అగ్ని కాదప్పా, బరువు! బరువు నైరుతిలో ఉండల్ల" అన్నాడు. నైరుతిలో మా బీరువా ఉంది. బీరువా కదిపితే లక్ష్మి కదిలినట్టేనని మా అమ్మ అడ్డం పడింది. ఇంతకీ బ్యాటరీ అగ్నా, బరువా? పోయిన ఎండాకాలం మొత్తం ఈ ఒక్క చర్చలోనే చల్లగా గడిచిపోయింది. మీరే చెప్పండి, ఏ ఏసీ ఇస్తుంది ఇంత కాలక్షేపం?

ఈ ఏడు ఉగాది పోయాక సోమశేఖర్ మళ్లీ వచ్చాడు. "అన్నా, కోతలో ఏవేవి నడవల్లనో ఆ స్విచ్చులకు ఏదన్నా గుర్తు పెట్టుకోండి, నేను మిద్దె మీద వైర్లు చూసి వస్తా" అని పైకి పోయాడు.

గుర్తు అంటే ఏమిటి? బయటివాళ్లయితే పెన్సిల్ గీత గీస్తారేమో. మేము శెట్లం. కొత్త పనికి గుర్తు పెట్టాలంటే మాకు తెలిసిన గుర్తు ఒకటే. మా అమ్మ పసుపు, కుంకుమ పళ్లెంలో తెచ్చి, తన మంచం పక్కన ఉన్న ఫ్యాను స్విచ్చుకు పసుపు పూసి, నిండుగా బొట్టు పెట్టింది. తర్వాత టీవీకి పెట్టింది. తర్వాత దేవుడి పటం చుట్టూ తిరిగే రంగు బల్బులకు పెట్టింది. దేవుడు చీకట్లో ఉండగూడదు కదా!

పళ్లెం చేతులు మారింది. మా కూతురు శ్రీవాసవి వైఫైకి పెట్టి, తన గదిలో అన్నిటికీ పెట్టి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుకు కూడా పెట్టింది. రాజంపేట ఎండలో జుట్టు ఆరబెట్టుకోవడానికి మిషను! గుమ్మం దాటేలోపు తల ఎండిపోయే ఊళ్లో! అయినా పిల్ల సరదా, కాదనలేకపోయాను. నేను నా వాలుకుర్చీ మీది ఫ్యానుకూ, బోరు మోటారుకూ పెట్టాను. ఎదురింటి లక్ష్మక్క వచ్చి, వీధి తలుపు పక్కన ఉన్న ప్లగ్గుకు పెట్టి, "నా ఫోను ఈడ పెట్టుకుంటాలే నాయనా" అంది. చిన్నాయన పళ్లెం పట్టుకుని కనిపించకుండా పోయాడు. యాడికి పోయినాడని వెతికితే, పక్కింట్లో తన సొంత స్విచ్చులకు బొట్లు పెట్టుకుంటున్నాడు!

సోమశేఖర్ కిందికి దిగి, గోడలన్నీ చూసి, నోరు తెరిచాడు.

"ఏందన్నా ఇది, ఆయుధపూజ మాదిరి ఉండాది! ఇన్నిటికి ఈ బ్యాటరీ యాడ చాలుతాది? సగం తుడిపేయండి."

"బొట్టు తుడపమంటాండావా?" మా అమ్మ గొంతు వీధి చివరి దాకా వినపడింది. "ముత్తైదువ పెట్టిన బొట్టు తుడపమంటావా లక్షణంగా ఉన్న ఇంట్లో! ఏమప్పా, నీ నోట్లో మంచి మాట రాదా?"

పాపం సోమశేఖర్ లెంపలు వేసుకున్నాడు. అక్కడితో మా ప్లానింగులో ఒక కొత్త సూత్రం ఏర్పడింది. మా ఇంట్లో లోడు పెరగడమే గాని తగ్గడం ఉండదు. పెట్టిన బొట్టు పెట్టినట్టే ఉండాలి. దాంతో బ్యాటరీ పెద్దదైంది. పెద్దది వస్తుందని తెలిసి లక్ష్మక్క ఇంకో ప్లగ్గుకు బొట్టు పెట్టింది. బ్యాటరీ ఇంకా పెద్దదైంది!

పద్మప్రియ మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. "నా ఫ్యానుకు ఎవరన్నా బొట్టు పెట్టినారా?" అని అడిగింది.

ఎంత అమాయకత్వం చూడండి! వంటింట్లో ఫ్యానే లేదు. లేని ఫ్యానుకు స్విచ్చు లేదు. లేని స్విచ్చుకు బొట్టు ఎక్కడ పెడతాం? ఈ తర్కం నేను ఎంతో ఓపికగా వివరించాను. ఆమె చెనిక్కాయల పొడి దంచడానికి లోపలికి పోయింది. దంచుడు మాత్రం మామూలు కన్నా గట్టిగా వినిపించింది.

చివరికి బ్యాటరీని మా పప్పుల మూటలు పెట్టుకునే గదిలో పెట్టాలని తేలింది. ఆ గది ఏ దిక్కో చిన్నాయనకే సరిగా తెలియకపోవడం వల్ల అందరూ ఒప్పుకున్నారు. బిగిస్తూ సోమశేఖర్ గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "అన్నా, ఈ గది శానా వేడిగా ఉండాది. దీనికి ఈ ఉక్క మంచిది కాదు. ఒక ఫ్యాను పెట్టల్ల" అన్నాడు.

ఇల్లంతా కదిలిపోయింది!

"అయ్యో, పాపం! అంత వేడిలో ఎట్లుంటాది?" అని మా అమ్మ నొచ్చుకుంది. శ్రీవాసవి తన గదిలో ఉన్న టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చింది. చిన్నాయన దగ్గరుండి గాలి బ్యాటరీకి నేరుగా తగిలేటట్టు తిప్పించాడు. మా అమ్మ ఆ ఫ్యాను స్విచ్చుకు ఎవరూ చెప్పకుండానే బొట్టు పెట్టింది. ఒక్క చర్చ లేదు, ఒక్క అభ్యంతరం లేదు. మూగజీవం మీద మా ఇంటివాళ్లకున్న దయ చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

పద్మప్రియ ఆ గది వాకిట్లో నిలబడి బ్యాటరీని, దాని ఫ్యానును కాసేపు చూసింది. "దానికి ఉక్క పోస్తాందంటనా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది.

టెంకాయ కొట్టాం. నిమ్మకాయ కట్టాం. ఆ రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, మేము మొక్కుకున్నట్టే కోత వచ్చింది. వీధి వీధంతా చీకటి. మా ఇల్లు మాత్రం పెండ్లిపందిరి! మా అమ్మ ఫ్యాను తిరుగుతోంది, నా ఫ్యాను తిరుగుతోంది. దేవుడి చుట్టూ రంగు బల్బులు పరుగెడుతున్నాయి. లక్ష్మక్క ఫోను తెచ్చుకుంది, తనూ కూర్చుంది. చిన్నాయన తన ఇంట్లో బొట్లు పెట్టిన స్విచ్చులు పనిచేయడం లేదని అలిగి, మా ఇంట్లోనే కూర్చున్నాడు. ఇంత శుభ సమయంలో ఏం తినాలి? కారం దోసెలు! అందరం ఒకే గొంతుతో వంటింటి వైపు కేక వేశాం.

"తెస్తాండా" అని జవాబు వచ్చింది.

నిజంగానే తెచ్చింది. దోసెలు కాదు, పొయ్యి! పెరట్లో పిండివంటలకు వాడే చిన్న సిలిండరు పొయ్యి చంకన పెట్టుకుని వచ్చి, హాలు నడిమధ్యలో, సరిగ్గా నా వాలుకుర్చీ మీది ఫ్యాను కింద దించింది. పెనం తెచ్చింది. పిండి గిన్నె, ఎర్రకారం గిన్నె తెచ్చింది. పీట వేసుకుని కూర్చుని అగ్గిపుల్ల చేతిలో పట్టుకుని తలెత్తింది.

"అత్తా, ఫ్యాన్లు ఆపండి. పొయ్యి ఆరిపోతాది."

మా అమ్మ ఏమని కాదంటుంది? తన నోటితో తను చెప్పిన శాస్త్రం! నేను లేచి ఫ్యాన్లు ఆపాను. పద్మప్రియ పొయ్యి వెలిగించింది.

ఏం చెప్పమంటారు, స్వామీ! బయట ఎండ పోయినా గోడలు ఇంకా సెగ కక్కుతున్నాయి. నడి హాల్లో పెనం. మిరపకారం ఘాటు. మొదటి దోసె అయ్యేలోపు నా బనియను ఒంటికి అతుక్కుపోయింది. రెండో దోసెకు చిన్నాయన చొక్కా విప్పి కూర్చున్నాడు. లక్ష్మక్క ఫోనులో చార్జి నిండకుండానే పీక్కుని, "పని ఉందమ్మా" అని చీకట్లోకి పారిపోయింది. పప్పుల గదిలో బ్యాటరీ ఒక్కటే చల్లగాలి పోసుకుంటూ హాయిగా ఉంది. ఆ ఫ్యాను చప్పుడు వింటూ మేమంతా చెమట ధారలతో దోసెలు మింగుతున్నాం.

"ఇంకొకటి వెయ్యనా, అత్తా?"

"వద్దు తల్లీ!" మా అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. నా వైపు తిరిగి గయ్యిమంది. "రేయ్, కూర్చుని మింగుతాండావు గాని, రేపు పొద్దున్నే ఆ సోమశేఖర్‌ను పిలిపించు. వంటింట్లో ఫ్యాను పెట్టించు!"

"ఏ దిక్కున పెట్టమంటావు చిన్నాయనా?" అని అడిగాను.

"ఏ దిక్కైతే ఏమప్పా, పెట్టి చావు!" అన్నాడు చిన్నాయన, తువ్వాలు పిండుకుంటూ.

మర్నాడు టిఫిన్ వేళకల్లా వంటింటి గోడకు ఫ్యాను వచ్చేసింది. స్విచ్చు వచ్చింది. బ్యాటరీ వైరు వచ్చింది. నా బాధ మీకు అర్థమవుతోందా? రెండు ఎండాకాలాలు నేను కంటికి రెప్పలా కాపాడుకున్న ప్లానింగును ఒక్క పూటలో పాడు చేశారు! ఒక్క సభ జరపలేదు, బొట్టు పెట్టడానికైనా ఎవరూ ఆగలేదు.

పొయ్యి ఆరిపోలేదా అని మీరు అడుగుతారని తెలుసు. లేదు, ఆరలేదు. గాలి మనిషి వైపు తిప్పి పెడితే మంటకు తగలనే తగలదట. ఇన్నేళ్లలో ఎవరూ ఒకసారి పెట్టి చూడలేదు, అంతే.

అయినా నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. ప్లానింగు గొప్పది! మీ ఇంట్లో గాని, మీ ఊళ్లో గాని ఏ పనైనా ఏళ్ల తరబడి ప్లానింగులోనే నిలిచి ఉండాలని మీరు కోరుకుంటే, ఒక్క జాగ్రత్త తీసుకోండి. దానికి కారే చెమట ఎప్పుడూ ఇంకొకరిదై ఉండేటట్టు చూసుకోండి. పొరపాటున మీకు కారిందా, మర్నాటికల్లా పని అయిపోతుంది!